మూడో చాటింపు

ఆ ఆదివారం పొద్దున తొమ్మిది కొట్టేలోపు కాలేబు నర్సును ఆరుసార్లు పిలిచాడు. ఒకసారి ఫ్యాను పెంచమన్నాడు, ఒకసారి తగ్గించమన్నాడు. మిగతా నాలుగుసార్లు ఎందుకు పిలిచాడో అతనికే తెలియదు.

"అన్నా, ఏం కావాలో తేల్చుకొని పిలువు. వార్డులో నువ్వొక్కడివే లేవు," అంది నర్సు అఫ్రీన్.

ఆ పిల్లనేమీ అనలేం. తొమ్మిది నెలల కింద సరిహద్దులో ఫిరంగి గుండు పేలి ఇనుప ముక్క ఎడమ కాల్లో దిగబడితే, పంటిబిగువున ఓర్చుకున్న మనిషి ఈ కాలేబు. అదే మనిషి ఇప్పుడు నరసరావుపేట ఆసుపత్రి మంచం మీద కాలు కాలిన పిల్లి అయిపోయాడు.

అతనిది రొంపిచెర్ల. తల్లి మణెమ్మ మిరపకోతలకు పోయి ఒక్కతే పెంచింది. డిగ్రీ చదివే రోజుల్లో పిడుగురాళ్ల పిల్ల షెర్లీ మీద మనసుపడ్డాడు. ఆ పిల్లా పడింది. గాయం తగిలాక మిలటరీ ఆసుపత్రిలో కాల్లో రాడ్డు వేసి సెలవు మీద ఇంటికి పంపిస్తే, పెద్దవాళ్లు ఇక ఆగడం మంచిది కాదని పెళ్లి కుదిర్చారు.

షెర్లీ వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు చాటింపు వేస్తారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని పాస్టరు గారు అందరి ముందూ చదువుతారు. మూడింటిలో ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే. దానికితోడు వచ్చే బుధవారం నుంచి శ్రమకాలం. ఈస్టరు దాకా పెళ్లిళ్లు చేయరు. అందుకే మంగళవారానికి ముహూర్తం అనుకున్నారు. ఇవన్నీ చాలవన్నట్టు షెర్లీ నాయనమ్మ తన కట్టుబాటు ఒకటి పెట్టింది. చాటింపు పడ్డాక పెళ్లికూతురు ఊరి పొలిమేర దాటకూడదట, పెళ్లికొడుకు మొహం చూడకూడదట! రెండో చాటింపు అయిన మర్నాడే కాలేబుకు జ్వరం ముంచుకొచ్చి ఇక్కడ చేరాడు. గంటసేపు బస్సు ప్రయాణం, అయినా ఆ పిల్ల రాలేకపోయింది. ఫోనే దిక్కయింది.

గురువారం డాక్టరు సంగతి తేల్చేశాడు. చీము ఎముక దాకా పోయింది, సోమవారం మోకాలి కింద తీసేయాలి అన్నాడు. ఆ సాయంత్రమే కాలేబు పాస్టరు యేసుపాదం గారికి ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, కాలు తీసేస్తారంట. మూడో చాటింపు చదవొద్దు. ఈ పెళ్లి వద్దు."

"షెర్లీకి చెప్పావా?"

"ఆదివారం మీరే చెప్పండి."

ఆ తర్వాత షెర్లీ ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఆ పిల్ల బతుకు బాగుచేశానని పొంగిపోయాడు, వెర్రినాయన! ఆ పొంగు శుక్రవారం దాకా నిలిచింది. శనివారమంతా పళ్లు నూరుకుంటూ పడుకున్నాడు. ఆదివారం తెల్లారేసరికి ఒక్కటే తెలిసింది: షెర్లీ లేకుండా తను బతకలేడు. కాలు పోతే పోనీ, ఆ పిల్ల కావాలి.

పాస్టరు గారికి చేశాడు. స్విచాఫ్. ఆరాధన మొదలైపోయింది. షెర్లీకి చేశాడు. క్వైరులో పాడే పిల్ల, ఫోన్ ఇంట్లోనే పెట్టి పోతుంది. మళ్లీ పాస్టరు గారికి, మళ్లీ షెర్లీకి.

"ఎవరికిరా అన్ని ఫోన్లు?" అని మణెమ్మ నిలదీస్తే అప్పుడు బయటపెట్టాడు.

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ పిల్లనడక్కుండా ఆ పిల్ల పెళ్లి ఆపేశావా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభంరా?"

కాలేబు మంచం దిగబోయాడు. "సిస్టర్, పిడుగురాళ్ల బస్సు ఎన్నింటికి?"

"నీకేమన్నా పిచ్చా అన్నా?" అఫ్రీన్, మణెమ్మ చెరో రెక్కా పట్టుకొని మళ్లీ పడుకోబెట్టారు.

చాటింపు చదివేది పదకొండింటికి. పదకొండయింది. పదకొండుంబావు కూడా అయింది. కాలేబు ఫోన్ పక్కన పడేసి గోడవైపు తిరిగాడు. అన్నం పెడితే వద్దన్నాడు.

ఒంటిగంట దాటాక వార్డు గుమ్మంలో షెర్లీ నిలబడింది. క్వైరు తెల్లచీరలోనే ఉంది, బస్సు కిటికీ గాలికి జుట్టంతా రేగిపోయింది.

"ఏమయ్యా మిలటరీ, పెళ్లి ఆపమన్నావంట?"

"నువ్వు... పొలిమేర దాటకూడదు గదా..."

"చాటింపే ఆగిపోయాక ఇంకేం పొలిమేర? మా నాయనమ్మ అడ్డం పడింది. నేనిప్పుడు పెళ్లికూతుర్ని కాదు గదా, నా ఇష్టమొచ్చిన చోటికి పోతానని బస్సెక్కా."

రెండు వారాలుగా ఎవరి మొహం కోసం తపించిపోయాడో ఆ మొహం ఎదురుగా ఉంది. తల ఎత్తి చూడలేకపోయాడు.

"కాలు తీసేస్తారు షెర్లీ. అందుకే..."

"అందుకేంది? ఆ చాటింపులో నీ పేరొక్కటే ఉందా? నా పేరు లేదా? కొట్టెయ్యటానికి నువ్వెవరు? మిలటరీకి పోయేటప్పుడు అడగలా. దెబ్బ తగిలితే రెండు వారాలు చెప్పలా. ఇప్పుడిది! చదవట్లేదని అయ్యగారు అనంగానే చర్చంతా నావైపే చూసింది, నేనేదో తప్పు చేసినట్టు."

కాలేబుకు ఆ సంగతే తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. మణెమ్మ నీళ్ల సీసా తీసుకొని, నిండుగానే ఉన్నా, పట్టుకొస్తానంటూ బయటికి పోయింది.

"తప్పయిపోయింది," అన్నాడు. తలెత్తి ఆ పిల్లనే చూస్తూ, "రేపు కాలు పోయిద్ది. ఉద్యోగం ఏమయిద్దో తెలియదు. ఇప్పుడు అడుగుతున్నా. నన్ను చేసుకుంటావా?" అన్నాడు.

షెర్లీ స్టూలు లాక్కొని మంచం పక్కన కూర్చుంది. చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఈ మాట గురువారం అడిగుంటే, ఎల్లుండి ఈ మంచం దగ్గరే మన పెళ్లయ్యేది. ఇప్పుడిక ఈస్టరు దాకా ఆగు," అంది.