ఈశాన్యంలో నది ఉన్న కాలేజీ

ఫోటోలో ముందు వరుసలో నిలబడ్డ విద్యార్థికి బట్టతల ఉంది.

సరే, నీళ్లు పడక చిన్న వయసులోనే జుట్టు ఊడిపోతుంది, దుబాయ్‌లో ఉండేవాళ్లకి ఆ సంగతి వేరే చెప్పాలా, అనుకున్నాను. కానీ ఆయన పక్కనున్న విద్యార్థిని తల ముగ్గుబుట్టలా ఉంది. ఆమె పక్కనావిడ చంకలో పసిపిల్ల ఉంది. వెనక ఒకాయన చేతికర్ర మీద ఆనుకుని, మనవళ్లతో తీర్థానికి వచ్చినవాడిలా హాయిగా నవ్వుతున్నాడు. "కొత్త విద్యార్థులకు స్వాగతం" అని కింద రాసి ఉంది.

"పిన్నీ, ఈ కాలేజీలో పిల్లలెవరూ లేరేంటి?" అంది హారిక, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

పదిహేడేళ్ల పిల్ల భవిష్యత్తుని ఒక గృహిణి ఎంత ప్రేమగా, ఎంత శాస్త్రోక్తంగా నీళ్లలో ముంచగలదో ఇప్పుడు చెప్తాను. కూర్చుని చదవండి. వీలైతే తూర్పు ముఖంగా కూర్చోండి.

హారిక మా బావగారి అమ్మాయి. బావగారు రాస్ అల్ ఖైమాలో ఒక రాళ్ల క్వారీలో ఇంజినీరు. ఈ పిల్ల కొండల్ని చూస్తూ పెరిగింది. తక్కిన పిల్లలు బొమ్మలు దాచుకుంటే ఇది రాళ్లు దాచుకుంది. మా ఇంటికొచ్చినప్పుడల్లా దాని బ్యాగు పైకి మోసి మా ఆయన రెండ్రోజులు నడుం పట్టుకుని తిరిగేవారు. భూగర్భ శాస్త్రం చదవాలి, అదీ ఇంగ్లండులో ఫలానా పాత విశ్వవిద్యాలయంలోనే చదవాలి, అని దానికి పన్నెండేళ్లప్పటి నుంచీ పట్టు. దరఖాస్తు ఏడాదికి ఒక్కసారే. గడువు ఆ రోజు రాత్రితో సరి; నా పక్కన కూర్చుని పంపుదామని మా ఇంటికొచ్చింది. స్కూల్లో సారు తను రాయాల్సిన సిఫారసు ముందే రాసేశారు. ఇక కాలేజీ పేరు నింపి, బటన్ నొక్కడమే మిగిలింది.

అదేంటి, విశ్వవిద్యాలయం అని చెప్పి మళ్లీ కాలేజీ పేరేంటి, అంటారా? నేనూ అదే అడిగాను.

"అది మన దగ్గరలా కాదు పిన్నీ. యూనివర్సిటీ ఒకటే, లోపల బోలెడు కాలేజీలు. డిగ్రీ యూనివర్సిటీదే, క్లాసులు అందరికీ కలిపే. కాలేజీ అంటే మనం ఉండేది, తినేది, వారం వారం టీచర్ ముందు కూర్చుని మన వ్యాసం మీద తిట్లు తినేది. అప్లికేషన్‌లో ఒక్క కాలేజీ పేరు రాయాలి."

"అంటే ఇల్లన్నమాట."

"ఒక రకంగా ఇల్లే."

ఆ మాట అది అనకుండా ఉండాల్సింది. ఇల్లు అని వినగానే నా లోపల ఒక దిక్సూచి లేచి కూర్చుంటుంది. కాకినాడలో మా నాన్న వాస్తు కోసం ఒకే ఇంటికి మూడు చోట్ల వాకిలి పెట్టించిన మనిషి. పోస్టుమన్ పాపం ఇంటి చుట్టూ ప్రదక్షిణ చేసి ఉత్తరం ఇచ్చేవాడు. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. భయం మాత్రమే ఉంది. కరోనా ఏడాది మేం ఇక్కడే, ఇంటర్నేషనల్ సిటీలో, దక్షిణ ద్వారం ఫ్లాట్‌లో ఉన్నాం. ఇంటిల్లిపాదికీ జ్వరాలు వచ్చాయి, మా ఆయన జీతం కోశారు. అంతే, మరుసటి ఏడాది తూర్పు ద్వారానికి మారిపోయాం.

"ఆ ఏడాది లోకమంతా దక్షిణ ద్వారం ఫ్లాట్‌లోనే ఉందా సుధా?" అని మా ఆయన ఇప్పటికీ అడుగుతారు. అలాంటి ప్రశ్నలకి నేను జవాబివ్వను.

ఇంటర్నేషనల్ సిటీలో ఒక్కో పేటకి ఒక్కో దేశం పేరు; మేం మారిన ఫ్లాటు ఇంగ్లండు క్లస్టర్‌లో ఉంది. కాబట్టి ఇంగ్లండు విషయంలో నాకు కొంత అధికారం ఉందనే అనుకున్నాను.

హారిక అప్పటికే ఒక కాలేజీ ఎంచుకుంది. "ఇక్కడ ఒక మేడమ్ ఉంది పిన్నీ, మన రాస్ అల్ ఖైమా కొండల మీద ఏళ్ల తరబడి పని చేసింది. నేను రోజూ చూసే కొండలు! సముద్రం అడుగు నుంచి లేచినవట ఆ రాళ్లు."

నేను ఆ కాలేజీని ఉపగ్రహం మ్యాపులో తెరిచాను. గేటు చూశాను.

"అమ్మలూ, నైరుతి వాకిలి!"

"అయితే?"

"అయితేనా? మూడేళ్లు నైరుతిలోంచి వస్తూ పోతూ ఉంటావా? నేనుండగా?"

ఆ మధ్యాహ్నం నా జీవితంలోకెల్లా అందమైన మధ్యాహ్నం, అది ఒప్పుకోవాలి. బయట అక్టోబరు ఎండ ఇసకలా రాలుతోంది. ఏసీ సన్నగా మూలుగుతోంది. పిల్లలిద్దరూ స్కూలు నుంచొచ్చి బొమ్మ కార్లని సోఫా కింద పార్క్ చేసుకుంటున్నారు. నేను మాత్రం అక్కడ లేను. వేళ్లతో ఆ ఊరి మీద ఎగురుతున్నాను. పచ్చిక చౌకాలు, చదరంగం బల్లలా పరుచుకున్న ముంగిళ్లు, తేనె రంగు గోడలు, గోడల మీద ఎర్రబడుతున్న తీగలు. ఒక ఆకాశం నుంచి ఇంకో ఆకాశంలోకి జారుతున్నట్టు ఒక కాలేజీ మీంచి ఇంకో కాలేజీ మీదికి జారాను. ఒకదాని ఈశాన్యం తెగిపోయింది. ఒకదానికి వంటిల్లు ఈశాన్యంలోనే ఉంది, రామరామ. ఒకదానికి వీధిపోటు.

అప్పుడు కనబడింది అది. ఊరి చివర, చెట్ల మధ్య. తూర్పున పెద్ద గేటు. నైరుతిలో బరువుగా పాత భవనం. ఆగ్నేయంలో వంటశాల పొగగొట్టం. ఈశాన్యంలో నది! మున్సిపాలిటీ పంపు కాదు, సంపు కాదు, వెండి రంగులో మలుపు తిరుగుతున్న నిజమైన నది. మా నాన్న చూసుంటే మ్యాపుకి దండం పెట్టి ఉండేవారు.

నేను కళ్లు మూసుకున్నాను. నది మీద పొగమంచు లేస్తోంది. తూర్పు గేటులోంచి సూర్యుడు లోపలికొస్తున్నాడు, వెనకే పుస్తకాలు గుండెకి ఆనించుకుని హారిక. కాసేపటికి అది హారిక కాదు, నేనే. నేను చదివిన కాలేజీ కాకినాడలో బట్టల కొట్టు మీద మూడో అంతస్తు. నది లేదు, మెట్ల కింద కుళాయి ఉండేది. ఆ పచ్చిక మీద చెప్పులు విప్పి నడుస్తూ చాలా దూరం వెళ్లిపోయాను.

"పిన్నీ, టైమవుతోంది."

"ఇదే!" అన్నాను కళ్లు తెరిచి. "చదువు అన్నిట్లోనూ ఒకటే అన్నావుగా? ఇది పెట్టు."

"మరి ఆ మేడమ్?"

"క్లాసులు అందరికీ కలిపే అన్నావుగా? అక్కడ చూస్తావులే ఆవిడ మొహం. పిన్ని మాట విను తల్లీ."

అది నా మొహంలోకి చూసింది. నా కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయనుకుంటాను. పెద్దవాళ్ల కన్నీళ్ల ముందు ఏ తెలివైన పిల్లా గెలవలేదు. బటన్ నొక్కింది. ఖలాస్.

తరవాత, నీ కాలేజీ ఎలా ఉంటుందో ఫోటోల్లో చూసుకో అని నేనే దాన్ని ఉసిగొల్పాను. అక్కడే బట్టతలాయన ఎదురయ్యాడు. ఆయన కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లకి మాత్రమే ఈ కాలేజీలో ప్రవేశం.

అంత నదిని చూసినదాన్ని, అంత చిన్న అక్షరాలు చూడలేదు.

హారిక ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. సోఫాలో కూర్చుని, చాలా నెమ్మదిగా, "అయితే నా సీటు పోయిందా పిన్నీ?" అంది. నాకు ఇప్పటికీ ఆ గొంతు తలుచుకుంటే మంచినీళ్లు దిగవు.

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన సంగతి విని ఫోన్ అందించారు. "కాలేజీకి చెయ్యి. గేటు చూసిన కళ్లతో నంబరు కూడా చూడు."

అటు నుంచి ఒక పెద్దావిడ గొంతు, ఉన్ని శాలువా కప్పుకున్నంత మెత్తగా వినిపించింది. అందరూ వినాలని స్పీకర్ పెట్టాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని సంగతి చెప్పాను.

"అమ్మాయి వయసెంత?"

"పదిహేడండీ. కానీ చాలా పెద్దరికం ఉన్న పిల్ల."

"ఉంటుంది. కానీ మేం పెద్దరికం కాదు, పుట్టినరోజు చూస్తాం."

"వేరే కాలేజీకి మార్చే వీలుందా?"

"గడువు ఇంకా దాటలేదుగా. ఏ కాలేజీ కావాలో రాసి వెంటనే మెయిల్ పంపండి, నేనే ముందుకి పంపుతాను. అయితే ఒక్క మాట అడగనా? మా కాలేజీనే ఎందుకు కోరుకున్నారు?"

గదిలో ఏసీ కూడా ఊపిరి బిగబట్టింది. మా ఆయన పైకప్పు చూశారు. హారిక నన్ను చూసింది. అబద్ధం ఆడదామంటే ఇంగ్లీషులో నాకు అంత త్వరగా రాదు.

"మీ గేటు... తూర్పు వైపు ఉందని."

ఆవిడ ఎంతో ఆప్యాయంగా, "ఓ, ఆ గేటా! దాని గోడ బీటలిచ్చిందని తాళం వేసి చాలా ఏళ్లయింది. మేమంతా వెనక నుంచే వస్తాం, చెత్త డబ్బాల పక్క నుంచి" అంది.

"వెనక అంటే..." అన్నాను. "దక్షిణమా?"

"ఆగండి, మధ్యాహ్నం అటు నుంచే ఎండ పడుతుంది. అవును, దక్షిణమే."

మా ఆయన వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. లోపల గిన్నెలు నవ్వుతున్నట్టు చప్పుడైంది.

పెట్టేసే ముందు ఆవిడ, "మీకు ఇరవై ఒకటి నిండాయనుకుంటాను? మీరైతే నిక్షేపంగా రావచ్చు. మా దగ్గర తల్లులు చాలామంది ఉన్నారు" అంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నేను మళ్లీ పచ్చిక మీద ఉన్నాను. చంకలో చిన్నదాంతో.

"యల్లా, పద పిన్నీ, మెయిల్!" అంది హారిక.

ఈసారి కాలేజీ పేరు అదే టైపు చేసింది. నేను దూరంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాను. పొద్దుగూకి మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైన వేళకి జవాబు వచ్చింది. మార్చారు. నైరుతి వాకిలి, కొండల మేడమ్. హారిక నన్ను కావలించుకుని అప్పుడు ఏడ్చింది. నేను దానికంటే ముందే మొదలుపెట్టాను.

ఇక వసుంధరక్కకి చెప్పాలి. హారిక వాళ్లమ్మ, నా తోటికోడలు. ఫోన్ చేసి, చేసిన ఘనకార్యం మొత్తం చెప్పి, "క్షమించు అక్కా, పోయి పోయి నైరుతి వాకిలే పడింది దానికి" అన్నాను.

"నీ మొహం సుధా, నీకు వాస్తు చూడమని ఎవరు చెప్పారే? మా ఇంటి వాకిలి ఎటో తెలుసా నీకు?"

మేం ఎప్పుడు వెళ్లినా కారు షెడ్డు పక్క తలుపులోంచే లోపలికి వెళ్తాం. "ఎటు?"

"శుద్ధ నైరుతి. పన్నెండేళ్ల నుంచీ అందులోంచే స్కూలుకెళ్లి ఫస్టు తెచ్చుకుంటోంది నా కూతురు. నువ్వు దాన్ని తూర్పులోంచి పంపి ఏం చేద్దామనుకున్నావు?"

హారికకి సీటు వచ్చింది. ఇప్పుడు రెండో ఏడు. ఆ మేడమ్ వారం వారం దాని వ్యాసాన్ని చీల్చి చెండాడుతోందట. ఫోన్ చేసినప్పుడు ఆ తిట్లన్నీ బహుమతుల్లా చదివి వినిపిస్తుంది.

మళ్లీ ఆ మర్నాడు పొద్దున్నకి వస్తాను. స్కూలు బస్సు కోసం కింద నిలబడ్డాం. ఆకాశం ఇంకా గులాబీ రంగులోనే ఉంది. నేను వంగి పిల్లలిద్దరి భుజాల మీదా చేతులు వేసి, కోర్టులో సాక్షిలా చెప్పాను. "వినండి. మీరు పెద్దయ్యాక ఏ కాలేజీకి వెళ్లాలో మీరే చూసుకోండి. లోపల ఎవరు చదువు చెప్తారో చూడండి, చాలు. అమ్మ ఇక ఈ జన్మలో ఏ గేటు వైపూ చూడదు. ఒట్టు."

పెద్దవాడు బాగా ఆలోచించాడు. "మరి మా స్కూల్ గేటు ఎటు ఉందమ్మా?"

ఉత్తరం. రెండడుగులు ఈశాన్యానికి జరిగి ఉంటుంది. చేర్పించడానికి ముందు టాక్సీలో చుట్టూ తిరిగి చూశాను.

"ఏమో నాన్నా, నేనెప్పుడూ గమనించలేదు" అన్నాను.