వానాకాలం షెడ్డులో రూతమ్మగారి కాగితంపూల చెట్టు

కోవిడ్ రావడానికి ముందు సంవత్సరం అక్టోబరులో క్లాంగ్ పట్టణంలోని ఒక నర్సరీలో నన్ను తొట్టి మొక్కల విభాగానికి సూపర్‌వైజర్‌గా వేశారు. చలి దేశాల్లో పూలచెట్లను మంచు తగలకుండా లోపల దాస్తారు. మాకు చలి లేదు, వాన ఉంది. ఏడాది చివరి వానల్లో వేళ్లు కుళ్లకుండా జనం తమ పెద్ద తొట్లను మా షెడ్డులో వదిలి వెళ్లేవారు. కొమ్మలు కత్తిరించి, గాలి ఆడే కప్పు కింద పెట్టి, నీళ్లు దాదాపు ఆపేస్తాం. చెట్టు ఆకులు రాల్చి విశ్రాంతిలోకి వెళుతుంది. వానలు తగ్గాక ఎండలో పెడితే పూస్తుంది.

రూతమ్మగారు లారీలో తెచ్చిన కాగితంపూల చెట్టు నాకంటే ఎత్తు. సగానికి కోసిన డ్రమ్ములో ఉంది. సుంగై సుమున్ ఎస్టేటులో తోటపని విడిచి వచ్చినప్పుడు ఆమె భర్త నాటినది. ఇప్పుడాయన పక్షవాతంతో మంచం పట్టారు. కిటికీలోంచి ఆయనకు కనిపించేది ఆ చెట్టొక్కటే. అడుగు మట్టి అప్పటికే నల్లబడింది, సగం వేళ్లు మెత్తబడ్డాయి. బతుకుతుందని మాట ఇవ్వలేనన్నాను. "నువ్వే సూడమ్మా, ఇంకెవురున్నారు?" అందామె. ఆ మాటతో నాకు దిగులు పట్టుకుంది.

కుళ్లిన వేళ్లు తీసేశాం. మిగిలిన వేళ్లు ఎంత మోయగలవో అంతే కొమ్మ ఉంచాలి కనుక సగానికి పైగా కోయించాను. నేను చెబితే తప్ప నీళ్లు పోయొద్దని పనివాళ్లకు గట్టిగా చెప్పాను. అయినా కొన్నాళ్లకు కొమ్మల చివర్లు ఎండసాగాయి. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉండాలి, అదే ప్రాణం ఉన్న గుర్తు. నాకు గోధుమ రంగు కనిపించింది. గీకినప్పుడల్లా ఆ రంగు ఇంకాస్త కిందికి దిగి ఉండేది. వేలు గుచ్చితే మట్టి తడి. కప్పు కారడం లేదు. పనివాళ్లను నిలదీస్తే ఎవరూ పోయలేదన్నారు.

చివరికి మట్టి వాసన చూశాను. పులిసిన బియ్యం కడుగు! మా ఇళ్లలో పూలమొక్కలకు పోసేది అదే. ఆదివారం నాకు సెలవు. ఆ రోజే రూతమ్మగారు చర్చి నుంచి నేరుగా వచ్చి చెట్టును చూసి వెళతారని తెలుసు. ఆ ఆదివారం సెలవు మానుకుని వెళ్లాను. ఆమె బైబిలు సంచిలోంచి సీసా తీస్తోంది. అరిచేదాన్నే, ఈలోపే ఆమె మొదలుపెట్టింది.

"ఏటి సెయ్యమంటావు? ఆకు లేదు, పువ్వు లేదు. నోరెండిపోయిన పిల్లలాగ నిలబడ్డాది. సెట్టు ఎలాగుందని మా ముసలాయన రోజూ అడుగుతున్నాడు. బాగుంది లా అని అబద్దమాడతన్నాను," అంటూ ఏడ్చేసింది.

నా కోపం దిగిపోయింది. పోయొద్దని చెప్పి లాభం లేదని కూడా అర్థమైంది. సీసా పక్కన పెట్టించి, గోటితో బెరడు గీకడం నేర్పాను. కొన్నిచోట్ల గీకాక మోకాలి ఎత్తులో సన్నటి పచ్చ గీత తేలింది. దాని పైదంతా కోసేశాం. ఇకమీదట వారానికొక్కసారి వచ్చి గీకి, నాకు చెప్పే పని మీదే అన్నాను.

"ఇక్కడిదాకా బతికున్నాదని ఆయనకి సెప్పొచ్చునా?" అని అడిగింది. చెప్పమన్నాను.

ఆ తర్వాత మట్టి ఆరింది. వానలు తగ్గేసరికి రెండు చిగుళ్లు వచ్చాయి. ఇంటికి వెళ్లేనాటికి చెట్టు నడుము ఎత్తు కూడా లేదు. మంచం మీది నుంచి ఆయనకు కనిపించాలని డ్రమ్ము కింద ఇటుకలు పేర్చారు.

షెడ్డులో చెట్టుకు నీళ్లు ఆపడం తేలికే, కానీ దాన్ని పెంచుకున్న మనిషి చేతులు ఊరికే ఉండవు. ఆ తర్వాత ఏ తొట్టి దించుకున్నా, దాని యజమానికి ఒక పని అప్పగించకుండా ఇంటికి పంపలేదు.