గీత ముందు ఆగిన బండ్లు

పోయిన నెల కర్నూలులో మా అమ్మాయి ఇంట్లో ఒక మధ్యాహ్నం, నేను వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుని ఉండగా హాల్లోంచి ఒక పాట వినబడింది. వినబడగానే నా చేతులు ఆగిపోయాయి. అది సినిమా పాట కాదు, భజన పాట అంతకన్నా కాదు, వీడియో గేములో బండ్ల పందెం నడుస్తున్నంతసేపూ మోగే పాట. యాభై దాటిన మనిషికి వీడియో గేము పాట విని కళ్ళలో నీళ్ళు తిరగడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, నాకేమీ చిన్నతనం లేదు, కానీ నా కాలంలో కాపురానికి వెళ్ళిన ఆడవాళ్ళయితే కాస్త విని నవ్వండి.

ఆ ఆటల వంశం చాలా పెద్దది. మూలమైన ఆటలో ఒక కుర్రవాడు లాంతరు పట్టుకుని గుహల్లో దూకుతూ పోయి, ఒంటికొమ్ము రాక్షసుడు ఎత్తుకుపోయిన తన ఊరి గంటలను వెనక్కి తెస్తాడు. అది ఒకటో భాగం, రెండో భాగం అంటూ ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. దాంట్లోంచి విడిపోయి వేరుకాపురం పెట్టిన ఇంకో వరస ఆటలున్నాయి. మనుషులు వాళ్ళే, కానీ ఇందులో గుహలూ లేవు, గంటలూ లేవు, చావులూ లేవు. లాంతరు కుర్రవాడు, గుడ్లగూబను భుజానేసుకున్న ముసలమ్మ, ఆఖరికి ఆ ఒంటికొమ్ము రాక్షసుడు కూడా బుద్ధిగా చిన్న చిన్న బండ్లెక్కి ఒకే బాటన పందెం వేసుకుంటారు. ఆ వేరుకాపురానికీ పిల్లాజెల్లా కలిగి, ఇప్పుడు మా అమ్మాయి తెచ్చుకున్నది ఎన్నో భాగమో ఆమెకే సరిగ్గా తెలియదు. మా ఇంటికి వచ్చింది మాత్రం మొట్టమొదటిది. దాని పేరు మాకెవరికీ నోరు తిరగక ‘బండ్లాట’ అనేవాళ్ళం.

నేను రాయచోటికి కోడలిగా వచ్చేనాటికే మా మామగారూ ఆయన తమ్ముడూ వేరుపడ్డారు. మాది అంగడి కుటుంబం. ఆస్తులు పంచుకోవడంలో పెద్ద గొడవేమీ రాలేదట గానీ, తండ్రి పేరున్న అంగడి బోర్డు ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరూ అదే పేరుతో బజారులో ఎదురెదురుగా రెండు బోర్డులు పెట్టుకున్నారు. ఊరివాళ్ళు వాటిని పెద్దంగడి, చిన్నంగడి అని పిలిచి తమ పని తాము చూసుకున్నారు. అన్నదమ్ములు మాత్రం మాటలు మానేశారు. ఇంటి నడుమ గోడ లేచింది. మగవాళ్ళు మాట్లాడుకోని ఇళ్ళ ఆడవాళ్ళు మాట్లాడుకోకూడదని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పనక్కరలేని సంగతులే కదా మన ఇళ్ళలో గట్టిగా నడిచేవి!

మా అత్తగారూ చిన్నత్తగారూ అంతకుముందు ఇరవై ఏళ్ళు ఒకే పొయ్యి దగ్గర బతికిన తోడికోడళ్ళు. అత్తగారు పెద్దకోడలు కనుక అందరూ తిన్న తరువాతే తినేది, చిన్నత్తగారు ఆమె తినేదాకా ఆగి ఆమెతో తినేది. వేరుపడ్డాక అత్తగారికి అన్నం సహించడం మానేసిందని నాకు మా ఆడబిడ్డ చెప్పింది. నేను వచ్చాక కళ్ళారా చూశాను. పక్కింట్లో తిరగమాత చిటపటలాడితే చాలు, ఆమె ముద్ద కలుపుతూ ఆగి, ఈరోజు వాళ్ళింట్లో పులగూర అనో పప్పుచారు అనో తనలో తాను అనుకునేది. నాకు అప్పటికి ఇరవై రెండు నిండలేదు. మనిషి కోసం మనిషి ఇంతగా బెంగ పెట్టుకోవడం మొగుడూ పెళ్ళాల మధ్యనే ఉంటుందనుకునే వయసు నాది. గోడకు అవతల ఉన్న తోడికోడలి కోసం ఒక పెద్దామె అలా కరిగిపోతుంటే నాకు వింతగా ఉండేది, కొంత అసూయగా కూడా ఉండేది.

బెంగుళూరులో చదివే మా మరిది ఒక వేసవి సెలవులకు వస్తూ ఆ గేము పెట్టె, రెండు క్యాసెట్లు తెచ్చాడు. మొదట లాంతరు కుర్రవాడి ఆట పెట్టాడు. అత్తగారు కాసేపు చూసి, “ఆ పిల్లోడు ఎన్నిసార్లు సస్తాడప్పా, సూడలేకపోతాండా, తీసెయ్” అని లేచిపోయింది. రెండో రోజు బండ్లాట పెట్టాడు. పోతున్న మనిషి వెనక్కి తిరిగి చూసింది. నిన్న గంటలెత్తుకుపోయిన రాక్షసుడు ఈరోజు ఆ కుర్రవాడి పక్కనే బండిలో కూర్చుని ఉన్నాడే! “వీళ్ళిద్దరూ ఎట్ల కలిసినార్రా?” అని అడిగింది. ఇది వేరే ఆటమ్మా, ఇందులో వాళ్ళకు పగలేమీ ఉండవు అని మరిది చెబితే, “వేరుపడినాక కలిసిన ఇల్లు ఇదొక్కటే సూస్తాండా” అన్నది.

అప్పట్నుంచి మధ్యాహ్నం మగవాళ్ళు భోంచేసి మళ్ళీ అంగడికి పోయాక, కరెంటు ఉన్నంతసేపూ మాకు అదే పని. మరిది నేర్పించి బెంగుళూరు వెళ్ళిపోయాడు, నేనూ అత్తగారూ మిగిలాము. ఆమె ఎప్పుడూ రాక్షసుడి బండే తీసుకునేది, పాపం వాణ్ణి ఎవరూ తీసుకోరని. మొదట్లో గోడలకు గుద్దుకున్నా, చెయ్యి తిరిగాక బాగా నడిపేది, అందరికన్నా ముందు వచ్చేది. వచ్చి, పందెం ముగిసేచోట నల్లచదరాలూ తెల్లచదరాలూ వేసిన గీత ఉంటుంది చూడండి, దానికి మూరెడు ఇవతల బండి ఆపేసేది! నేను నెత్తి కొట్టుకునేదాన్ని. దాటండత్తమ్మా, దాటితే గెలుస్తారు అంటే ఆమె నా వైపు జాలిగా చూసి, “ముందు పోయి ఆడ ఒక్కదాన్నే ఏం జేసేది? అందరూ రానీలే” అనేది. అందరూ వచ్చి గీత దాటాక, ఆఖరున తానూ దాటేది. ఇన్నేళ్ళూ ముందు విస్తరి వేసుకోని మనిషికి ముందు గీత దాటడం ఎట్లా చేతనవుతుంది?

ఒకరోజు మిద్దె పైన ఒడియాలు ఎండబెట్టి కిందికి వచ్చి ఆడుకుంటున్నాము. ఉన్నట్టుండి దుమ్ము లేచి పెద్ద గాలి వీచి, నాలుగు లావు చినుకులు పడ్డాయి. ఆటను అలాగే వదిలి ఇద్దరమూ మిద్దె ఎక్కాము. మా మిద్దెకూ పక్కింటి మిద్దెకూ నడుమ మోకాలెత్తు పిట్టగోడే. వాళ్ళ ఒడియాల గుడ్డ కూడా అక్కడ పరిచి ఉంది. అత్తగారు మా గుడ్డ తీయమని నాకు చెప్పి, తాను పిట్టగోడ దాటి వాళ్ళ గుడ్డను నాలుగు కొసలూ పట్టి మూటగట్టుకుని కిందికి తెచ్చేసింది. కావాలని చేయలేదు. ఇరవై ఏళ్ళూ చిన్నత్తగారు అరుగుల మీదా మిద్దె మీదా ఎండబెట్టినవి వానొస్తే తానే ఎత్తేది, చేతులకు ఆ అలవాటు పోలేదు. హాల్లోకి వచ్చి మూట దించాక గానీ ఏం చేసిందో ఆమెకే తెలియలేదు, తెలిసి దాని పక్కనే చతికిలబడింది.

వాన పెద్దగా పడనూ లేదు. కాసేపటికి మా మిద్దె మెట్ల మీద అడుగుల చప్పుడయింది, చిన్నత్తగారు. గుడ్డ కోసం వచ్చానని చెప్పడానికి వచ్చింది, చెప్పలేదు. టీవీ వైపు చూసి, “దినామూ మీ ఇంట్లో ఏందో మోగుతాదే అక్కా, ఇదేనా?” అన్నది. గోడకు ఇవతల మేము తిరగమాతలు వింటుంటే, అవతల ఆమె మా బండ్లాట పాట వింటూ ఉందన్నమాట! నేను బండి నడిపే మీటల రిమోటును ఆమె చేతిలో పెట్టి వెనక్కి జరిగాను.

ఆమెకు గుడ్లగూబ ముసలమ్మ బండి వచ్చింది. గోడలకు తగిలి, గడ్డిలో పడి, ఎదురు దారిన పోయి, మా అత్తగారు నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, ఎలాగో గీత దగ్గరికి వచ్చింది. అక్కడ రాక్షసుడు ఎప్పటిలాగే ఆగి ఉన్నాడు. చిన్నత్తగారు కూడా ఆపేసింది. “నువ్వు పోక్కా.” “నువ్వు పో మే, నేనొస్తా.” “నువ్వు పోకుండా నేనెట్ల పోయేది?” మిగతా బండ్లన్నీ ఎప్పుడో దాటేశాయి. ఆ రెండు బండ్లూ గీత ముందు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, పాట మోగుతూనే ఉంది, వీళ్ళిద్దరూ రిమోట్లు ఒళ్ళో పెట్టుకుని మాటల్లో పడ్డారు. ఎన్నేళ్ళ మాటలో! ఎవరి మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నాయి, ఎవరి పిల్లకు ఎక్కడ సంబంధం చూస్తున్నారు. నేను లేచి వంటింట్లోకి పోయి కాఫీ కలిపాను. కలుపుతూ ఏడ్చాను, ఎందుకో అప్పుడు తెలియదు.

తరువాత అది రోజూ జరిగింది, మిద్దె మీదుగా రావడం, మిద్దె మీదుగా పోవడం. మామగారికి తెలిస్తే ఏమవుతుందోనన్న భయం ముగ్గురికీ ఉండేది. ఒకరోజు కళ్ళద్దాలు మరిచిపోయి ఆయన నడిమధ్యాహ్నం ఇంటికి రానే వచ్చాడు. చిన్నత్తగారు దిగ్గున లేచి, కొంగు నెత్తిన కప్పుకుని గోడ వైపు తిరిగింది. ఆయన వాళ్ళను చూడలేదు, టీవీనే చూశాడు. “బండ్లు ఎందుకు నిలబడిపోయినాయి? చెడిపోయిందా?” అని అడిగాడు. అత్తగారు ఎన్నడూ లేనంత నిబ్బరంగా, “చెడిపోల్యా. ఆయమ్మ నాకంటే ముందు పోనంటాది, నేను ఆయమ్మ కంటే ముందు పోను” అన్నది. ఆయన కళ్ళద్దాలు తీసుకుని వెళ్ళిపోయాడు. మరునాటి నుంచి అకాలంలో ఇంటికి రావలసి వస్తే, వీధి మలుపు నుంచే స్కూటరు హారను కొట్టుకుంటూ వచ్చేవాడు, మిద్దె ఎక్కడానికి వ్యవధి ఇస్తున్నట్టు. ఆయన మంచితనం అంతదూరం వచ్చి ఆగింది. తమ్ముడితో మాత్రం మాట్లాడలేదు. ఆడవాళ్ళు నువ్వు ముందు పో అని ఆగారు, మగవాళ్ళు నువ్వే ముందు రా అని ఆగారు. నన్నడిగితే తేడా అంతే.

నాలుగేళ్ళు గడిచాక చిన్నమామగారు అంగడిని కడపకు మార్చుకున్నాడు. వాళ్ళు బయలుదేరే ముందురోజు చిన్నత్తగారు చివరిసారి వచ్చింది. ఈసారికి కలిసి దాటుదామని ఇద్దరూ అనుకుని, ఒకటీ రెండూ మూడు అని నా చేత చెప్పించుకుని, ఒక్కసారే కదిలారు. ఆట ఒకరిని మొదటివారనీ ఒకరిని రెండోవారనీ చూపించింది. “ఇద్దరమూ కలిసే గదా వచ్చినాం, దీనికి కండ్లు కనపడవా?” అని అత్తగారు దాంతో పోట్లాటకు దిగింది. చిన్నత్తగారు పోయాక ఆమె మళ్ళీ ఆ పెట్టె ముట్టలేదు.

అత్తగారికి ఆఖరి జబ్బు చేసినప్పుడు కడపకు ఫోను చేశాము. చిన్నత్తగారు వెంటనే బయలుదేరింది గానీ, గువ్వలచెరువు ఘాట్‌లో లారీ అడ్డం పడి బస్సులన్నీ నిలిచిపోయాయి. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి అత్తగారు పోయి గంటయింది. చిన్నత్తగారు ఏడవలేదు. పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, “అందరి కోసమూ ఆగినావు గదక్కా, నా కోసం ఒక్క గంట ఆగలేకపోయినావా?” అని అడిగింది. గొంతులో కోపం ఉంది, నిజమైన కోపం. ఆ తరువాత రెండేళ్ళకు ఆమె కూడా పోయింది.

ఇప్పటి ఆటలో అలా ఆగడానికి వీల్లేదట. మొదటి బండి గీత దాటిన కాసేపటికే పందెం తానే ముగిసిపోతుందనీ, ఏ దేశంవాళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళు పన్నెండుమంది కలిసి ఆడతారనీ, ఆగి ఉన్నవాళ్ళను ఆట పక్కన పెట్టేస్తుందనీ మా అమ్మాయి చెప్పింది. అందులో తప్పు పట్టడానికి నేనెవరిని? మాకు ఆగే తీరిక ఉండేదని గొప్పలు చెప్పుకుంటాము గానీ, అందులో సగం తీరిక కాదు, గడప దాటే వీలు లేకపోవడం. మా అమ్మాయి ఉద్యోగం చేస్తుంది, బండి తోలుతుంది, తన పిన్నితో మాట్లాడాలంటే మిద్దె ఎక్కి దిగదు, ఫోను తీస్తుంది. ఆ రోజులు తిరిగి రావాలని నేను ఏ దేవుణ్ణీ అడగను. ఆ ఇద్దరినీ మాత్రం తిరిగి ఇమ్మని అడుగుతాను, ఆ పాట వినబడినప్పుడల్లా.