ఆరినంక తెలిసే రంగు

పెయింటు డబ్బా మూత తీసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. కిటికీలన్నీ బార్లా తెరిచినా ఆ ఘాటు పప్పులో, మజ్జిగలో, కప్పుకున్న దుప్పటిలో కూడా ఉంది. కొత్త స్లాబు ఇంటికి ముందుగోడ రంగు నన్నే చెప్పమన్నాడు నా కొడుకు రాములు. నేను కోరింది ఒక్కటే, ఆ గోడ మా అమ్మ అలికిన గోడలా ఉండాలని. ఉండలేదు. నా కోపమంతా అదే.

నా పుట్టిల్లూ అత్తిల్లూ ఈ ఊరే, చర్ల దాటాక అడవి అంచున. వాగు మలుపులో మా చేనికి ఒక గట్టు ఉండేది. దాన్ని తవ్వితే బూడిదలో నీలం కలిసినట్టు, పావురం రెక్క రంగులో మట్టి వచ్చేది. ఇప్పపూలు రాలే రోజుల్లో, ఊరంతా ఆ తీపి వాసన కమ్ముకుని చేటల్లో పూలు ఎండుతూ ఉంటే, వేయించిన పూలూ నువ్వులూ కలిపి దంచిన ఉండలు బుగ్గన పెట్టుకుని మేము చింతగింజలాడుతూ ఉంటే, ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని ఆ గట్టుకు పోయేవాళ్ళు. ఇంటికి రెండు తట్టలే. మూడో తట్ట ఎత్తినదాన్ని మా నాయనమ్మ "నీదేమన్న కోటనా?" అని అందరి ముందే దులిపేసేది. ఆ మట్టిని గోలెంలో నానబెట్టి, పేడా ఊక బూడిదా కలిపి, అమ్మ అరచేత్తో గోడంతా నెలవంకలు తిప్పుతూ పూసేది. కింది అంచుకు ఎర్రజాజు.

రెండో తరగతితో నా బడి మాన్పించిన ఏడు, అమ్మ గోడ అలికి నీళ్ళకు పోయింది. తడిగోడ బర్రె వీపులా నల్లగా ఉంది. రంగు చెడిందనుకుని, అమ్మకు సాయం చేద్దామని, కుండలో ఉన్న సున్నం నీళ్ళన్నీ దాని మీద కొట్టాను. పొద్దువాలేసరికి గోడ ఆరింది, తెల్లటి మచ్చలతో, బొల్లి వచ్చినట్టు. అమ్మ చీపురు తిరగేసి కొట్టి, గోడంతా నా చేతే గీకించి మళ్ళీ అలికించింది. "తడి చూసి రంగు చెప్పకే పిల్లా. ఆరనియ్యి, గోడే చెప్తది" అంది. ఆ మాట అరవై ఏళ్ళు మూట కట్టి దాచుకున్నాను.

అదే నా కొంప ముంచింది. భద్రాచలం నుంచి వచ్చిన పెయింటర్ ఖాసీం మొదట కొంచెం రంగు కలిపి గోడ మూలన జానెడు పూసి చూపించాడు. అచ్చం అమ్మ గోడే. కానీ అది తడి రంగు కదా!

"ఆరితే తేలిపోతది, ఇంకింత ముదురు కలుపు" అన్నాను.

"పెద్దమ్మా, గిది మట్టి కాదు. ఆరితే ఇంకా ముదురైతది."

"నువ్వు పుట్టకముందుకెళ్ళి గోడలు అలుకుతున్న. నాకే చెప్తవా?"

నల్లరంగు ఇంకింత పోసి కలిపి గోడంతా పూశాడు. తెల్లారేసరికి గోడ మసిబట్టిన బానలా ఉంది. రాములు నవ్వాడు. "ఏందమ్మా, వానమబ్బు గోడకెక్కిందా?"

"నవ్వింది చాలు. పోయి గట్టు మట్టి రెండు తట్టలు తే. నేనే అలుకుత."

"ఏడికెళ్ళి తేవాలె? గట్టు మీద ట్రాక్టర్ తోలమన్నది నువ్వే కదా!"

అవును, నేనే. జామాయిల్ తోట వేస్తానని వాడు అడిగిన రోజు, గట్టు ఉంచుదామా అన్నది వాడు. "మట్టేమన్న కూడు పెడ్తదారా? సాపు చెయ్యి" అన్నది నేను. మూడో తట్ట ఎత్తితేనే తిట్టిన మా నాయనమ్మ ఉంటే నన్నేమనేదో! ఇప్పుడక్కడ జామాయిల్ చెట్లు వరసలు కట్టి నిలబడ్డాయి. వాటి కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు.

రెండోసారి రంగు వేయిస్తానంటాడు రాములు. డబ్బాలు తగలేయడానికి నేనొప్పుకోను. నా తప్పు నా కళ్ళ ముందే ఉండనీ. అమ్మ గోడకు ఆనుకుంటే వీపుకీ చేతులకీ బూడిద రంగు అంటేది, పక్క ఊళ్ళకు పోతే ఫలానా ఊరి పిల్ల అని తెలిసేది. పొద్దున లేచి ఈ గోడకు అరచెయ్యి గట్టిగా అదిమి తీశాను. చేతికి ఏమీ అంటలేదు.