వెండి రైలు నర్సు డోరతీ

మొన్న ఒక పెళ్లిలో భోజనానికి కూర్చుంటూ, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లటి బల్లగుడ్డ మీద చెయ్యి ఆనించానో లేదో, ఆ వాసనకి నాకు డోరతీ గుర్తొచ్చింది. "అయ్యో, కళ్లలో ఆ నీళ్లేమిటండీ?" అంది పక్కావిడ. ఏం చెప్పను! మా అమ్మాయి పుట్టింది అలాంటి గుడ్డ మీదే.

డెబ్బైల్లో మావారు ఒమాన్‌లో రోడ్డు కంపెనీ ఇంజనీరు. అల్ సువైక్‌లో ఖర్జూరం తోటల పక్కన మా క్వార్టర్లు. పక్కింట్లో ఉండే డోరతీ అమెరికావిడ, సర్వేయరు గారి భార్య. వయసులో ఉండగా షికాగో నుంచి కాలిఫోర్నియా వెళ్లే పెద్ద రైళ్లలో నర్సుగా పనిచేసిందట. రైల్లో నర్సేమిటని నోరు వెళ్లబెట్టాను. కిటికీ చువ్వలు పట్టుకుని, కళ్లల్లో బొగ్గు నలుసులు పడుతుంటే కాకినాడ పాసింజరులో తిరిగినదాన్ని మరి! ఆవిడ రైలేమో తళతళలాడే ఉక్కుతో, కొసన గుండ్రంగా ఉండేదట. పెట్టె పైన అద్దాల గదిలో కూర్చుంటే కొండలన్నీ నెత్తిమీదుగా సాగిపోయేవట. భోజనాల పెట్టెలో తెల్లగుడ్డలు, వెండి చెంచాలు, బల్లబల్లకీ తాజా పూలు.

"మహారాజుల బతుకు!" అన్నాను.

"టిక్కెట్టు కొన్న ప్రతివాళ్లూ మహారాజులే. వాళ్ల మొహాలు చదవడం నా పని," అంది. పెట్టెల్లో అటూ ఇటూ నడుస్తూనే ఎవరికి కడుపులో తిప్పుతోందో, ఎవరు భయపడుతున్నారో కనిపెట్టాలట. పిలిచేదాకా ఆగితే ఇక నర్సెందుకు అనేది. తర్వాత జనం విమానాలు, కార్లు మరిగారు. చివరికి ఆ పూలు చూసేవాళ్లే లేకపోయారట. రైలువాళ్లు సామాను అమ్మేస్తుంటే ఆవిడ బల్లగుడ్డలు కొనుక్కుంది. ఎక్కడికి బయల్దేరినా, దారిలో టీ తాగాలన్నా వెంట తెచ్చుకున్న బుట్టలోంచి ఒకటి తీసి పరవాల్సిందే. నేను లోపల నవ్వుకునేదాన్ని.

నాకు నెలలు నిండుతున్నాయి. ఒకరోజు చూపించుకోవడానికి మస్కట్ పక్కనున్న మత్రాలో ఆసుపత్రికి వెళ్లాలి. మావారు సైట్‌లో ఉన్నారు, డోరతీ తోడొచ్చింది. కంపెనీ బండి నడిపేది కరీంనగర్ మల్లయ్య. పొద్దున్నుంచే నాకు నడుంలో నొప్పి పట్టింది. నోరు విప్పితే ఒట్టు! నొప్పులొచ్చిన సంగతి ఎంతమందికి తెలిస్తే కాన్పు అంత ఆలస్యమవుతుందని మా అమ్మ నూరిపోసింది. పైగా ముందు సీట్లో మగమనిషి. పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

సగం దారిలో మల్లయ్య బ్రేకేశాడు. ఎక్కడో కొండల్లో వాన పడిందేమో, దారికి అడ్డంగా ఉన్న ఎండు వాగు ఎర్రగా పొంగి పారుతోంది. "ఇగ పోలేమమ్మా. నీళ్లు దిగేదాంక ఈడనే," అన్నాడు. వెనక్కి తిరిగినా సువైక్‌లో మాకు డాక్టరు లేడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. డోరతీ వాగు వంక చూడలేదు, సీటు అంచు పట్టుకున్న నా వేళ్ల వంక చూసింది.

"ఎప్పట్నుంచి?"

"ఏమీ లేదు."

"రైల్లో కూడా అందరూ ఇదే చెప్పేవాళ్లు. ఎప్పట్నుంచి?"

బావురుమన్నాను. నా వచ్చీరాని ఇంగ్లీషులో అమ్మ మాట కూడా చెప్పేశాను. ఆవిడ పకపకా నవ్వింది. "మంచిదేగా! ఇప్పుడు నాకూ తెలిసిపోయింది. ఆలస్యమైతే వాగు తగ్గేదాకా కాన్పు ఆగుతుంది."

మల్లయ్య దిగిపోతూ, "గట్టిగ మొత్తుకోండ్రమ్మా. మా అక్కలు మొత్తుకుంటే ఇన్నోన్నే, సిగ్గేంది? నేను గా తుమ్మచెట్టు కాడ అటు మొఖం పెట్టి నిలబడ్త," అన్నాడు. ఆ మాటతో నా గొంతు విచ్చుకుంది. వాగు హోరు మీద నా అరుపులే వినిపించి ఉంటాయి.

డోరతీ బుట్టలోని తెల్లగుడ్డ వెనక సీటు మీద పరిచింది. ఆలస్యమూ లేదు, పాడూ లేదు. బిడ్డ వచ్చేసింది. కానీ ఏడవలేదు. డోరతీ బిడ్డ నోట్లో వేలుపెట్టి తుడిచింది, వీపు రుద్దింది, మళ్లీ రుద్దింది. మా తల్లీ, ఏడవవే అంటూ దేవుళ్లందరికీ మొక్కాను. కెవ్వుమంది! అమ్మయ్యా, ఆ క్షణం నా ఒళ్లంతా దూదిపింజైపోయింది. చెట్టు దగ్గర మల్లయ్య చప్పట్లు కొట్టాడు.

నీళ్లు తగ్గాక మత్రా చేరాం. తల్లీపిల్లా క్షేమమని డాక్టరు చెప్పాడు. నాకు నవ్వాగడంలేదు. డోరతీ మాత్రం మంచం పక్కన కూర్చుని ఏడుస్తోంది. కంగారుపడి ఏమైందని అడిగాను.

"రైల్లో ఎంతోమందిని చూసుకున్నాను. అందరూ ఏదో ఒక స్టేషన్‌లో దిగిపోయేవాళ్లు. తర్వాత ఏమయ్యారో నాకు తెలీదు. ఈ పిల్లని రేపు కూడా చూస్తాను," అంది.

మర్నాడు వచ్చింది. మేము ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ రోజూ వచ్చింది. ఎవరికి ఏ కాస్త సాయం చేసినా మర్నాడు మళ్లీ వాళ్ల గుమ్మంలో నిలబడటం అప్పట్నుంచి నాకూ అలవాటైంది. "మళ్లీ వచ్చారేమిటండీ, ఏమైనా మర్చిపోయారా?" అంటారు. ఏమీ లేదమ్మా, ఎలా ఉన్నారో చూసి పోదామని, అంటాను.