అరచేతికి తెలిసిన స్పీకరు

నా చిన్నప్పుడు ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ నా చెవుల్ని సగం పట్టుకుపోయింది. గట్టిగా అరిస్తే మాటలు వినపడేవి గానీ, పాట మాత్రం దోమ రొదలా ఉండేది. ఇంట్లో అందరూ టేపు రికార్డరు చుట్టూ చేరితే నేను పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

పక్కింటి అన్నకు బాన్సువాడ బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. నా అవస్థ చూసి, ఒక చెక్క డబ్బాలో పెద్ద పాత స్పీకరు బిగించి మా టేపు రికార్డరుకు తగిలించాడు. నా చెయ్యి పట్టుకుని ఆ డబ్బా మీద పెట్టాడు. డోలు దెబ్బ అరచేతిలో పడి, మోచేతి దాకా పాకి, గుండెలో మోగింది. "బేసంటే గిదే పిల్లా. చెవులతోని పనేంది?" అన్నాడు. నాకు పాట ఇచ్చినవాడు ఆయనే, కాదనను.

ఓసారి స్పీకరు ముందు గిన్నెలా ఉండే కాగితం చిరిగితే నా ఎక్కాల పుస్తకంలోంచి ముక్క చింపి అతికించాడు. నా కోడిగీతల రాతలో ఏడో ఎక్కం సగం, డోలు మోగినప్పుడల్లా ఊగుతుంటే చూసి మురిసిపోయేదాన్ని.

మరుసటి ఏడాది అది గరగరమంటోందని మా బాపు ఆయనకే బాగుచేయమని ఇచ్చాడు. నాలుగు రోజులకు తిరిగొచ్చిన డబ్బా ముందర కొత్తగా నల్లగుడ్డ బిగించి ఉంది. పాట పెట్టారు. చెయ్యి పెట్టాను. ఎవరో గోటితో తట్టినట్టుంది, అంతే. చెంప కూడా ఆనించి చూశాను. డోలు లేదు.

"ఇది మన స్పీకర్ గాదు బాపూ" అన్నాను. అన్న పగలబడి నవ్వాడు. "గదే స్పీకర్ కాకా, వైరు అతికిచ్చిన. చెవులే ఇనవడని పోరికి బేసేం దెలుస్తది?" అన్నాడు. బాపు కూడా నవ్వాడు. అరచేతితో వినడం నేర్పిన మనిషి నోట ఆ మాట వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు. తప్పుగా విన్నానేమోనని ఆ రోజంతా నా చెవుల్నే తిట్టుకున్నాను.

వారం తర్వాత బడి నుంచి వస్తూ ఆ దుకాణం ముందు ఆగాను. పక్కనున్న వర్ని ఊరి నుంచి వచ్చిన ఒకాయనకు అన్న కొత్త డబ్బా అమ్మజూపుతూ వినిపిస్తున్నాడు. దానికింకా గుడ్డ కట్టలేదు. స్పీకరు మీద నా ఏడో ఎక్కం ఊగుతోంది. వెళ్ళి చెయ్యి పెట్టాను, మోచేతి దాకా పాకింది. మా పెద్ద స్పీకరు తీసుకుని, మా డబ్బాలో ఏదో చిన్నది పెట్టి పంపాడన్నమాట. చిన్న కాగితం అంత గాలిని తోయలేదని, అందుకే బేసు పోయిందని పెద్దయ్యాక తెలిసింది గానీ, మోసపోయామని ఆ క్షణమే తెలిసింది.

అన్న నన్ను చూశాడు, నా చేతిని చూశాడు. మొహం మాడిపోయింది. బల్ల మీదున్న సీసాలోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి, డబ్బా మీదున్న నా చేతిని తనే ఎత్తి, అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "ఇంట్ల చెప్పకు తల్లీ" అన్నాడు. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి అంత మెల్లగా అంటే, పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

నేను చెప్పలేదు. చెప్పినా మళ్ళీ నవ్వుతారనుకున్నాను.

మొన్న మా మనవడు కొత్త స్పీకరు తెచ్చి, "బేస్ ఎట్లుంది నానమ్మా?" అని నా చేతిని పట్టుకెళ్ళి దాని మీద పెట్టాడు. నేనేం చెబితే అదే నమ్ముతాడు వాడు. ఆ అన్నను మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు. అయినా ఆ బిళ్ళ చప్పరిస్తూనే కదా ఆ రోజు ఇంటికి నడిచాను. అదే ఇన్నేళ్ళయినా మింగుడు పడటం లేదు.