బావ కరిగించిన వెన్న

మా అక్క చేసే బిస్కెట్‌ను కొరకాల్సిన పనే లేదు, నోట్లో వేసుకుంటే పొడిపొడిగా విరిగిపోతుంది. ఆ గొప్పంతా వెన్నది. వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉన్నప్పుడే దాన్ని చక్కెరతో కలిపి, తెల్లబడి పొంగేదాకా గిలకొడుతుంది. అందులో చిక్కిన గాలి వల్లే బిస్కెట్ గుల్లగా వస్తుంది. వెన్నను ముందే కరిగిస్తే గాలి నిలవదు. పిండి పళ్లెమంతా పరుచుకుపోతుంది. ఈ మాట మా బావకు ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

బావ కరెంటు పని మానేశాక వంటింట్లో సాయానికి దిగాడు. మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టి తరిమేయొచ్చు.

వీధి చివరి బేకరీ ఆయన ఒకసారి అక్క బిస్కెట్ తిని, ఒక పళ్లెం చేసి తెమ్మన్నాడు. బాగుంటే అద్దాల అరలో ఒక వరుస ఆమెకే ఇస్తానన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఇంట్లోవాళ్లకే వండిపెట్టిన మనిషి. ఆ వరుస తనదవుతుందని వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆ ఉదయం వెన్న బయటపెట్టి స్నానానికి వెళ్లింది. వచ్చేసరికి బావ దాన్ని పొయ్యి మీద నూనెలా కరిగించి, చక్కెరా పిండీ కలిపేసి చేతులు కడుక్కుంటున్నాడు.

"అయ్యో, కరిగించేశారా?"

"గట్టిగా ఉంది కదే, నీ చేతులు నొప్పెడతాయని. ఎలాగూ ఓవెన్‌లో కరిగేదేగా!"

ఇంట్లో ఇంక వెన్న లేదు. చెప్పిన వేళ దగ్గరపడింది. అక్క పిండిని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి చూసింది. లాభం లేకపోయింది. బిస్కెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని అట్టముక్కలా వచ్చాయి.

ముగ్గురం పట్టుకెళ్లాం. బేకరీ ఆయన ఒక ముక్క విరిచి, "మొన్న నేను తిన్నవి ఇవేనా అమ్మా?" అన్నాడు.

బావ పక్కనే నిలబడి ఉన్నాడు. "నా చెయ్యి తప్పిందండీ," అంది అక్క. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమనుకోకండి, ఆ వరుస వేరేవాళ్లకి ఇచ్చేస్తాను," అన్నాడాయన.

తిరిగొస్తుంటే బావ అక్క భుజం తట్టాడు. "పోనీలే, ఈసారి నేనింకా దగ్గరుండి చూసుకుంటాగా!"

అక్క నడిరోడ్డు మీద ఆగి భోరుమంది.

"పాపం, బిస్కెట్లు పాడయ్యాయని ఏడుస్తోంది," అన్నాడు బావ నాతో.